ఒక్క చీర చాలు

పద్మమ్మ బీరువాలోంచి తీసి మంచం మీద పరిచిన చీరల్ని మళ్లీ ఒక్కొక్కటే మడిచి లోపల పెట్టింది. రోజూ ఈ వేళకు సంచిలో నాలుగైదు చీరలు, వాటి జాకెట్లు, గిల్టు నగల డబ్బా సర్దుకుని బస్టాండు దారి పట్టి ఉండేది. సీరియల్లో హీరోయిన్‌కు బట్టలు కంపెనీ ఇస్తుంది. పద్మమ్మలాంటివాళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ముందురోజు సాయంత్రం మేనేజరు రంజిత్ ఫోన్ చేసి ఎలాంటి చీరలు కావాలో చెబుతాడు. దాన్నిబట్టే మర్నాటి కథ సగం తెలిసిపోతుంది. పట్టుచీర అంటే పూజో పెళ్లో. నేతచీర అంటే వంటింటి సీను. నిన్న మాత్రం రంజిత్, "ఒక్క చీర చాలక్కా. లేత రంగుది. జరీ గిరీ లేకుండ చూడు," అన్నాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, "తిన్నవా?" అని అడిగాడు.

అప్పటినుంచి ఆమె ఆ మాటలనే తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"ఇంక పోలేదా?" వదిన అంతమ్మ తలుపు దగ్గర నిలబడింది. చేతిలో ఇత్తడి చెంబు. "ఆదివారం మాత్రం షూటింగ్ పెట్టుకోకు. సంఘం ఆడోళ్లందరు వస్తరు. సీరియల్ పిన్ని వస్తదని మీ అన్న ఊరంత చెప్పిండు."

"పెట్టుకోను వదినా."

అన్న సంగయ్య ఈసారి ఎలక్షన్లో నిలబడాలని తిరుగుతున్నాడు. ఏ మీటింగు పెట్టినా చెల్లెల్ని ముందు కుర్చీలో కూర్చోబెడతాడు. ఒకప్పుడు ఆమెకు ఈ ఇంట్లో వడ్ల బస్తాల పక్కన చాప వేసేవారు. సురంగల్‌లో భర్త, వేషాలు వేసేదానికి ఇంట్లో చోటు లేదని పంపేసినప్పుడు ఆమె ఇక్కడికే వచ్చింది. అంతమ్మ ఎదురొచ్చి మాట్లాడలేదు, వెళ్లమనీ అనలేదు. సీరియల్లో పిన్ని వేషం దొరికి, చేవెళ్ల అంగట్లో జనం గుర్తుపట్టడం మొదలయ్యాక బస్తాలు దొడ్డిలోకి పోయాయి. గదికి ఫ్యాను వచ్చింది. తలుపుకు పరదా వచ్చింది. చుట్టాలొస్తే అంతమ్మే పరదా తీసి చూపిస్తుంది, "మా ఆడిబిడ్డ రూము" అని.

ఆ పరదా పిన్నిది. తనది కాదు. ఆ సంగతి పద్మమ్మకు తెలుసు.

బూడిదరంగు నూలుచీర ఒకటి సంచిలో పెట్టుకుంది. సంచి తేలికైపోయి నడుస్తుంటే కాలికి తగలడం లేదు. భుజానికి బరువు లేకపోవడం ఆమెకు నచ్చలేదు.

బస్సులో కూరగాయల ఆడవాళ్లు నిండుగా ఉన్నారు. కాళ్ల సందుల్లో క్యారెట్ మూటలు, కడిగిన కొత్తిమీర కట్టలు. నీళ్లు కారి బస్సు నేలంతా తడిగా ఉంది. ముడిమ్యాల నుంచి వచ్చే సాయమ్మ అనే ముసలామె జరిగి చోటిచ్చింది. ఈ బస్సులో రోజూ కలిసేదే.

"నిజం చెప్పేసినవ్ గదా పిల్లకు. మంచిపని చేసినవ్ పో," అంది సాయమ్మ. "కడుపుల పెట్టుకోని పెట్టుకోని నువ్వే ఎండిపోయినవ్."

"నాదేమున్నదవ్వా, వాళ్లు రాస్తరు, నేను చెప్త."

"చెప్తవా? ఆ గొంతు నీది కానే కాదంటరు."

పక్కనున్నవాళ్లు నవ్వారు. పద్మమ్మ కూడా పెదవులు కదిపింది. ముసలామె అన్నది నిజమే. ఆమె యాస కుదరదని మొదట్నుంచీ పట్నంలో ఎవరో ఆమెకు గొంతు ఇస్తున్నారు. ఆ మనిషిని పద్మమ్మ ఎన్నడూ చూడలేదు.

కాని సాయమ్మ మాట ఆమెను పొడిచింది వేరేచోట. సీరియల్లో ఆ ఇంటి ఆడపిల్ల అసలు తల్లి ఎవరో పిన్నికి ఒక్కదానికే తెలుసు. ఏళ్ల తరబడి పిన్ని పని ఆ నిజాన్ని దాచడమే. హాల్లో అందరి వెనక నిలబడి, ఎవరైనా పిల్ల పుట్టుక మాట ఎత్తితే ఉలిక్కిపడాలి. కెమెరా ఒకసారి ముఖం మీదికొచ్చి పోతుంది. అంతే ఆమె నటన. ఉలికిపాటు ఎన్ని రకాలుగా చూపవచ్చో ఆమెకు తెలుసు. గొంతు దగ్గర చీరకొంగు పట్టుకుని, చేతిలో పళ్లెం వణికించి, కన్నార్పకుండా. మొన్న ఆ నిజం పిన్ని నోటితో చెప్పించేశారు. సీను అయ్యాక యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. దాచడానికి ఇంకేమీ లేని మనిషిని కథ ఎంతకాలం మోస్తుంది?

మొయినాబాద్ దాటి దిగింది. రోడ్డు పక్కనే షూటింగ్ జరిగే ఫారంహౌస్ గేటు. దాని వెనక పూలతోటల ప్లాస్టిక్ కప్పులు ఎండకు తెల్లగా మెరుస్తున్నాయి. పడమట మబ్బు పడుతోంది. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడి నమస్తే పెట్టాడు. రోజూ కూర్చునే తల ఊపేవాడు.

ఆ రోజు అందరూ మర్యాదగా ఉన్నారు. అదే ఆమెకు భయం.

మేకప్ చేసే సమత ఎప్పుడూ తన అత్త మీద చాడీలు చెబుతూ పని చేసుకుపోయేది. ఈరోజు మాట్లాడలేదు. రోజూ వాడే డబ్బా పక్కనపెట్టి ఇంకో డబ్బా మూత తీసింది. స్పాంజి ముఖం మీద పడ్డచోటల్లా రంగు పోతోంది. పద్మమ్మ అద్దంలో సమత కళ్లకోసం చూసింది. సమత చెవి దగ్గరే చూస్తూ అద్దుతోంది.

"మరీ తెల్లగ అయితలేనా?"

"లైటింగ్ మారిందక్కా."

"ఏం సీనే?"

"నాకేం చెప్తరక్కా, నేను పూసేదాన్ని," అంది సమత. డబ్బా మూత పెట్టేసింది.

తర్వాత ఫోటోలు తీసే అతను వచ్చి బయట ఖాళీ గోడ దగ్గర నిలబెట్టాడు. ఎప్పుడూ సీరియల్ కుటుంబమంతా కలిపి తీసేవాళ్లు. ఆమె మూలన ఉండేది. "ఒక్కరే మేడమ్, సోలో. కొంచెం నవ్వు తగ్గించండి," అన్నాడు. ఆమె అసలు నవ్వడమే లేదు. గోడ వేడి వీపుకు తగులుతోంది.

డైరెక్టర్ రిషి చెట్టు కింద ఫోన్ చూసుకుంటున్నాడు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల అబ్బాయి, ఆమెకు కొడుకయ్యే వయసు. రోజూ ఆమెను "పిన్నీ" అనే పిలుస్తాడు.

"సార్, నాది ఏం సీను ఇయ్యాల?"

"సీను పేపర్ ఇంకా రాలేదు పద్మమ్మగారూ. రాగానే చెప్తాను," అన్నాడు. తల ఎత్తలేదు.

పద్మమ్మగారూ. ఆమె ఆ మాటను పట్టుకుని వరండాలో కూర్చుంది. భోజనం వేళ సీత తన క్యారియర్ తెచ్చి పక్కన కూర్చుంది. సీరియల్లో ఈ ఇంటి పెద్దావిడ ఆమే, పిన్నికి అక్క. భీమవరం వైపు మనిషి, ఇప్పుడు పట్నంలో ఉంటుంది. మామిడికాయ పప్పు పద్మమ్మ పళ్లెంలో వేసింది.

"తిను పద్మా. ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో."

"ఏమన్న తెలుసా నీకు?"

"నాకేం తెలుసు," అంటూ సీత ఇంకో గరిటె వేసింది.

పద్మమ్మ ముద్ద కలిపింది. హాల్లోంచి సోఫా బయటికి తెస్తున్నారు. వెనకే టీపాయి, తివాచీ. ఈ ఇంట్లో సోఫా బయటికి వచ్చేది పెళ్లికి, లేకపోతే చావుకు. పెళ్లయితే పొద్దుననగా పూలు వచ్చి ఉండాలి. పూలు రాలేదు. ఆటోలో ఒక్క దండ వచ్చింది, పటానికి వేసేది. అరటాకులో చుట్టి గడప పక్కన పెట్టారు. కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.

రిషి వచ్చి ఆమె ముందు వంగి చెప్పాడు. పిన్నికి నిద్రలో గుండె ఆగిందట. మీకు శ్రమేం ఉండదు, పడుకుంటే చాలు. ఛానెల్ నిర్ణయం, నా చేతుల్లో లేదు. మిమ్మల్ని మరచిపోను, వేరేది ఉంటే పిలుస్తాను. ఆమె అన్నిటికీ తల ఊపింది. తెలిసాక భయం తగ్గుతుందనుకుంది. తగ్గలేదు.

దక్షిణానికి తలపెట్టి చాప మీద పడుకుంది. సమత ముక్కుల్లో దూది పెట్టింది. ఎవరో కాళ్ల బొటనవేళ్లు కలిపి గుడ్డపీలికతో కట్టారు. కొంచెం గట్టిగానే కట్టారు. తల దగ్గర దీపం వెలిగించారు. నూనె కాలే వాసన, దూది వెనకనుంచి నోటిలోకి వచ్చింది. ఈ ఒక్క సీనుకే డబ్బింగ్ అవసరం లేదు.

ఇదివరకు ఈ హాల్లోనే, ఇలాగే, పిన్ని భర్త వేషం వేసే బాపిరాజుగారు శవమై పడుకున్నారు. శవం వేషం వేసినవాళ్లను షాటు కాగానే లేపి కెమెరాలోకి నవ్వమంటారు. ఆ నవ్వు ఎక్కడా వాడరు. చావు మనిషిని అంటకుండా తీసే నవ్వు అది. తర్వాత వాకిట్లో గుమ్మడికాయ తిప్పి పగలగొడతారు. బాపిరాజుగారికి ఆ రోజు ఇంకో షూటింగ్ ఉండి ముక్కులో దూది తీస్తూనే కారెక్కారు. నవ్వలేదు. కాయ కొట్టలేదు. ఆ వానాకాలం దాటలేదాయన. ఆయన ఇంటికి పోయినప్పుడు హాల్లోని సోఫా బయట వేసి ఉండడం పద్మమ్మ చూసింది.

"యాక్షన్."

సీత ఏడుపు ఆమె ఛాతీమీద పడింది. గ్లిజరిన్ చుక్కలు మెడమీద చల్లగా జారాయి. కట్ అనగానే సీత అదే చోట వంగి ఉండి, శంకర్‌పల్లిలో కొన్న ఫ్లాటుకు గోడలు చెమ్మ పడుతున్నాయని ఎవరితోనో చెప్పింది. మళ్లీ యాక్షన్. మళ్లీ ఏడుపు.

"పిన్నీ, ఊపిరి కనిపిస్తోంది," అన్నాడు రిషి.

ఆమె ఊపిరి బిగబట్టింది. మూసిన కళ్ల వెనక ఎర్రగా, తర్వాత నల్లగా. గుండె చప్పుడు చాపలోంచి నేలకు తగిలి చెవిలోకి తిరిగి వస్తోంది. లేవమంటారో లేదో, మరచిపోతారేమో అనిపించింది. మరచిపోతే తనంతట తాను లేవడం వచ్చునో రాదో.

"కట్. ఓకే. పిన్నీ, లేచి నవ్వండి."

సమత దూది తీసింది, కాళ్ల కట్టు విప్పింది. పద్మమ్మ లేచి కూర్చుని కెమెరా వైపు చూసింది. నవ్వాలి. ఈ సీరియల్ మొదలైనప్పటినుంచి ఆమెకు ఒక్క నవ్వు సీను రాయలేదు. నోరు తెరిచింది. తెరిచిన నోరు తనకు అలవాటైన దారినే పోయింది, కనుబొమలు పైకి లేచాయి, చెయ్యి కొంగును గొంతు దగ్గరికి తెచ్చింది. అది ఉలికిపాటు. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అదే వచ్చింది.

"ఓకే ఓకే," అన్నాడు రిషి, చూడకుండానే. బయట ఉరిమింది. కిటికీల్లోంచి దుమ్ము కొట్టింది. వాన వస్తోంది, లైట్లు లోపలికి తియ్యండి, ప్యాకప్ అని కేకలు.

వాకిలి మెట్టు మీద బూడిద గుమ్మడికాయ పెట్టి ఉంది. కుంకుమ బొట్లు పెట్టారు, నెత్తిన కర్పూరం బిళ్ల ఉంచారు. ఎవరూ వెలిగించలేదు. పద్మమ్మ రంజిత్ దగ్గరికి పోయింది. అతను వైర్లు చుడుతున్నాడు.

"తమ్మీ, కాయ కొట్టలే."

"వాన గదక్కా. రేపు కొడ్తం, ఫికర్ చెయ్యకు."

"రేపు నేను ఉండ గద."

రంజిత్ చేతులు ఆగాయి. "నిన్ననే కొత్త బండి తీసిన అక్కా. దిష్టివి ముట్టుకోకు అన్నది మా అమ్మ. వేరే ఎవరికన్న చెప్పు."

సీత కారు దగ్గర గొడుగు విప్పుతోంది. పద్మమ్మ అడిగేసరికి ఆమె చెయ్యి పట్టుకుంది. "రేపు మా అమ్మాయి శ్రీయకి పెళ్లిచూపులు పద్మా. ఇంట్లో శుభం పెట్టుకుని... ఏమీ అనుకోకు." సమత అడగకముందే కళ్లనీళ్లు పెట్టుకుంది. చెల్లెలు ఏడోనెలతో ఇంటికి వచ్చిందట. "నీకు తెలుసు గదక్కా, పోయినసారి కడుపు నిలబడలే దానికి." తెలుసు. అప్పుడు పద్మమ్మే సమతతో కలిసి దవాఖానలో కూర్చుంది. రిషి కారు అప్పటికే గేటు దాటింది.

అందరివీ నిజమైన కారణాలే. ఆమె మెట్టు దగ్గరికి వచ్చి కాయను చూసింది. తన దిష్టి తను తీసుకోకూడదు. ఇంకొక మనిషి తిప్పాలి. ఇన్నేళ్లు పనిచేసిన ఇంట్లో ఆ ఒక్క మనిషి కావాలి. మొదటి చినుకులు పడుతుంటే సంచి నెత్తిన పెట్టుకుని గేటు బయటికి నడిచింది.

రోడ్డు అవతల రేకుల షెడ్డు కింద నిలబడింది. ఫోన్ మోగింది. అంతమ్మ.

"బస్సెక్కినవా? మీ అన్న ఫ్లెక్సీ కొట్టిపిస్తుండు, నీ బొమ్మ గూడ ఎయ్యాలంట. మంచి ఫోటో ఉంటే పంపు. మంది లేకుంట, నువ్వొక్కదానివే ఉన్నది."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. పద్మమ్మ ఒక చెవి మూసుకుంది.

"ఉన్నది వదినా. ఇయ్యాల్నే తీసిండ్రు."

"నవ్వుతున్నవా అండ్ల?"

"ఆఁ."

చేవెళ్ల బస్సు లైట్లు వేసుకుని వచ్చింది. ఆమె చెయ్యెత్తింది. చెయ్యి ఎవరిదో అన్నట్టు తెల్లగా ఉంది, చేతులకూ పూసిన రంగు కడుక్కోలేదు. కండక్టరు ముఖంలోకి చూసి ఏమీ అనకుండా టికెట్ కొట్టాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అడిగేవాడు. బస్సు కదిలింది.

గేటు వెయ్యడానికి వచ్చిన వాచ్‌మన్ మెట్టు మీద గుమ్మడికాయను చూసి ఆగాడు. చేత్తో ముట్టుకోలేదు. కర్రతో నెట్టాడు. అది మెట్టు దిగి దొర్లి గోడవారన బురదలో నిలబడింది, పగలకుండా, కుంకుమ సన్నగా కారుతూ.