వరసంతటికీ ఒకటే స్కానర్

నాలుగో వాయిదా కట్టి నెట్ సెంటర్ మెట్లు దిగుతుంటే భారతికి ఏమీ అనిపించలేదు. మొదటిది కట్టిన రోజు రసీదు రెండుసార్లు చదివించుకుంది. ఇప్పుడు అదీ లేదు. రసీదు మడిచి జాకెట్లో దోపుకుని, నరసన్నపేట చేపల బజారుకొచ్చి తన కత్తిపీట ముందు కూర్చుంది. పదో తారీకు వస్తుంది, కట్టాలి, అంతే. ఇంకా ఆరు నెలలుంది.

తప్పంటూ జరిగితే అది మంచికి పోయి జరిగింది. మూడేళ్ల కిందట ఆ వరసలో చేపలమ్మే ఆడవాళ్లలో పెద్ద ఫోనున్నది భారతి ఒక్కదానికే. బజారుకి నోట్లు పట్టుకొచ్చేవాడే కరువైపోయిన రోజులు. "నా దానికి కొట్టించండే, సాయంత్రం ఇచ్చీస్తాను" అంది. అందరి బేరాలూ ఆమె స్కానర్‌లోనే పడ్డాయి. పొద్దువాలాక ఏటీఎంలో తీసి ఎవరి నోట్లు వాళ్ల చేతిలో పెట్టేది. పక్కపక్క కూర్చునేవాళ్ల మధ్య రాతకోతలేమిటని ఒక్క ముక్కా రాసుకోలేదు. ఎప్పుడైనా తేడా వచ్చి జుట్టు జుట్టు పట్టుకుని ఉంటే ఒక పుస్తకమైనా పెట్టేవాళ్లు. తేడా రాలేదు, అదే వచ్చిన చిక్కు.

ఇన్‌కం టాక్స్ వాళ్లకి కనిపించింది ఎకౌంటులో పడిన సొమ్మే. నోటీసులు ఏ మెయిల్‌కి వెళ్లాయో పాన్ కార్డు తీసిచ్చిన ఫోన్ల కొట్టువాడికే తెలియాలి. వాడు కొట్టు మూసుకుని ఎటో పోయాడు. కాగితం ఇంటికి చేరేసరికి లెక్క తేలిపోయింది. అదంతా ఆమె సంపాదనే, పన్ను కట్టాల్సిందే.

"ఎవరికెంత ఇచ్చావో రుజువేమైనా ఉందా అమ్మా?" అన్నాడు శ్రీకాకుళంలో ఆడిటర్ రమేష్‌బాబు. లేదంది. పాపం, ఆయనే అర్జీ పెట్టి పది వాయిదాలు ఇప్పించాడు. ఒక్కటి తప్పినా మిగతాదంతా ఒకేసారి కట్టమంటారని కూడా చెప్పాడు. అదే జరిగితే మొగుడు ఎర్రన్న పడవలో తన వాటా అమ్ముకుని, అదే పడవలో కూలికెళ్లాలి.

బజారులో ఒకసారి చెప్పబోయింది. "టేక్సా? అంత సంపాదించీసినావేటే!" అని పక్క పీట తవిటమ్మ నవ్వింది. వరసంతా నవ్వింది. భారతి నోరు మూసుకుంది, స్కానర్ బోర్డు తీసేసింది. ఈమధ్యే తవిటమ్మకి ఆమె కొడుకు కొత్త బోర్డు పెట్టించాడు.

నాలుగో వాయిదా కట్టిన ఆవేళ మధ్యాహ్నం దాకా బోణీ లేదు. చివరికి ఒకాయన బండాపి, పెద్ద వంజరం బేరమాడి, ముక్కలు కొట్టించాక ఫోను తీశాడు.

"స్కానర్ లేదు బాబూ, నోట్లివ్వండి."

"ఈ రోజుల్లో నోట్లెవరు మోస్తారమ్మా?"

తవిటమ్మ తన బోర్డు ఎత్తింది. "ఒసే, నా దానికి కొట్టించు. సాయంత్రం ఇచ్చీస్తాను."

భారతి చెయ్యి ఆగిపోయింది. ఒక్కసారికి ఏమవుతుంది? వచ్చే వాయిదాకి ఈ చేప ఎంత ఆసరా! ఆయన ఫోను బోర్డు దగ్గరికి తెచ్చేశాడు.

"వొద్దు!" అని అరిచి, తడిచేతితో బోర్డు కప్పేసింది.

ఆయన విసుక్కుని బండెక్కిపోయాడు. కోసిన ముక్కలు పీట ముందే ఉండిపోయాయి.

"పిచ్చెక్కిందేటే? బంగారం లాటి బేరం!"

"నీ దాంట్లో పడితే నీ సంపాదనే అంటారత్తా. ఈయేళ నాది, రేపు అందరివీ. నాకు అలాగే వచ్చినాది."

తవిటమ్మ బోర్డు కిందికి దించింది. "అంటే, నువ్వు కడతన్నది మా సేపల డబ్బులకా?"

భారతి తలూపింది.

"నీ సొంత టేక్సనుకున్నానే నాను. నవ్వీసినాను కూడా. నోరెట్టి సెప్పొద్దేటే!"

చెప్పబోయానని భారతి అనలేదు. నాలుగు వాయిదాలకీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. చేతుల నిండా పొలుసులు. మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

తవిటమ్మ ఆ వంజరం ముక్కలు తన బుట్టలోకి లాక్కుని లేచి నిలబడింది. వరస చివరిదాకా వినపడేలా కేకేసింది.

"ఒసే మరిడమ్మా, అందరూ ఇలా రండే! మన బాకీ ఒకటున్నాది."