తరుగులో పోని గింజ

తెల్లటి పళ్లెం మీద పొద్దుటి ఎండ... పళ్లెంలో కుక్క మెదడు.

1952. వికారాబాద్ పశువుల దవాఖానా. రైలు కింద పడ్డ ఊరకుక్క అది.

నా కుక్క కర్రెది బయట గుంజకు కట్టి ఉంది. బతికే ఉంది — చూపు పోయింది.

చూపు లేకే తాండూరు గంజ్‌లో, మా ధాన్యం బజారులో, బస్తాలు మోసే ఒక హమాలీ కాలు కరిచింది. చూపు వస్తుందంటే ఉంచు, రాదంటే చంపే మందు పెడతాం అన్నారు హమాలీలు. సరే అని మాటిచ్చి రైలెక్కాను.

కర్రెదానికి కండ్ల మీద రెండు పసుపు మచ్చలు. నాలుగు కండ్ల కుక్క అంటాం. అసలు కండ్లకు చూపు ఇక రాదని డాక్టర్ తేల్చేశాడు. అవి రెండు పోయినా లోపలి కన్ను ఒకటి ఉంటుందంటారు.

నేను కందుల వ్యాపారిని. విని కొనను. చూసి కొంటాను.

"ఆ లోపలి కన్ను జర చూపియ్యి డాక్టర్ సాబ్."

ఆయన నవ్వి, మెదడు రెండు సగాలను వేళ్లతో విడదీశాడు.

లోతుగా... ఇంకా లోతుగా...

అక్కడ చాలామటుకు జంటలే. కుడికొకటి, ఎడమకొకటి. నడుమ, చిన్న బుడిపెల ముందు — ఒంటిది. పొట్టి కాడకు అంటుకుని. జొన్నగింజ కంటే చిన్నది.

"పీనియల్ గ్రంథి. మూడో కన్ను అంటరు కొందరు."

నేను పళ్లెం మీదికి వంగాను.

"కానీ చూడదు సేటూ. తొండ నెత్తిల దీని చుట్టముంటది, దానికి వెలుగు తెలుస్తది. కుక్కకు గిది చీకట్లనే ఉంటది."

"మరేం పని చేస్తది?"

"ఇంకా ఎవ్వరికీ సక్కగ తెల్వదు."

కర్రెదానితో తిరిగొచ్చేసరికి గంజ్‌లో పక్క దుకాణం ఎల్లప్ప కాచుకుని ఉన్నాడు.

"ఏమాయె మల్లప్పా? దొరికిందా లోపలి కన్ను?"

అబద్ధం ఆడవచ్చు. తూకం రాయికి అడుగున చింతపండు అంటించినంత తేలిక.

"దొరికింది. చూడదు."

"ఇంకేంది! తరుగు కింద తీసెయ్."

తరుగు — మట్టికి, పొల్లుకు, పుచ్చుకు మేం తూకంలో కోసే కోత. జన్మంతా కోశాను. రైతు ముఖం చూడకుండా కోశాను.

కానీ ఆ గింజ...

చూడదు. పనేమిటో తెలియదు. అయినా ఆ తల దాన్ని తరుగులో తీయలేదు. అటొక సగం, ఇటొక సగం కప్పి, నట్టనడుమ దాచుకుంది.

"తియ్య," అన్నాను.

"మాటిచ్చినవ్ గదనే!"

"ఇచ్చిన. వాపసు తీస్కుంటున్న. లోపల గొలుసుతోని కట్టేస్త. మందు మాత్రం పెట్టనియ్య."

"నీ దుకాణంల ఒక్క హమాలీ బస్తా లేపడు సూడు."

"నేనే లేపుత."

"గీ వయసులనా? నడుమిరుగుతది!"

"ఇరిగితే నన్ను గూడ తరుగుల తీయుండ్రి."

తెల్లవారింది. దుకాణం ముందు బండి నిండా కందులు. హమాలీలు ఎదురుగా బీడీలు తాగుతున్నారు. ఎవరూ లేవలేదు.

లోపల గొలుసు కదిలింది... కర్రెది ముక్కు ఎత్తింది.

బస్తాల మీదికి ఎండ ఎక్కుతోంది.

మొదటి బస్తా కిందికి వీపు వంచాను —