ఎనిమిది మంది చక్రవర్తుల రూమ్

నేను యూరప్ వెళ్లానని ఎవరితోనూ అనలేదు. వెళ్లలేదని కూడా అనలేదు, అదే నా పాపం. ఈ ఎడారి దేశంలో, ముసఫ్ఫాలో లారీల గ్యారేజీలో పొద్దంతా బ్రేకులు విప్పి బిగించే యేసురత్నాన్ని నేను. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం పారిస్ మీద, వియన్నా మీద, ఏథెన్స్ మీద వచన కవితలు పెట్టాను. ఆ కోటలూ ఆ యుద్ధాలూ అన్నీ ఫోన్లో చూసినవే. "ఎప్పుడు తిరిగొచ్చారు గురువుగారూ?" అని అడిగితే నవ్వు బొమ్మ పెట్టి ఊరుకునేవాణ్ణి.

ఆ గ్రూపులోనే ఉన్న నర్సు పరిమళ ప్రతి కవితనీ మెచ్చుకుంటూ రెండు లైన్లు రాసేది. ఆ రెండు లైన్ల కోసమే యూరప్ మొత్తం తిరిగాను. ఆదివారం అల్ నహ్దాలో మా గ్రూపు పెట్టిన సభకి వస్తున్నానని, రోమ్ మీద కవిత చదవమని అడిగింది. ఆవిడ ముందు దొరికిపోతే ఖలాస్, మళ్లీ మొహం చూపించలేను.

నా చేతిరాత నాకే అర్థం కాదు. అందుకని మా గ్యారేజీలో బోర్డులు రాసే నెల్లూరు నన్నే సాహెబ్ చేత కవితని అట్ట మీద రాయించాను. ముందే ఒకసారి చదువుకుని ఏడవొచ్చుగా! చదవలేదు.

మైకు పట్టుకున్నాను. ముందు వరసలో పరిమళ. ఓ కన్ను ఆవిడ మీదే పెట్టి, అట్ట మీద ఏముంటే అది చదివేశాను.

"ఓ రూమ్! ఎందరు చక్రవర్తులు నీలో పక్కలేశారు!"

ఎవరో కిసుక్కుమన్నారు.

"ఓ రూమ్! నీ స్నానశాల వాకిట వేలమంది నిరీక్షించారు!"

"ఒక్కటే బాత్రూమ్ అన్నా, ఏం చేస్తాం!" అని వెనకనుంచి కేక.

"ఓ రూమ్! నువ్వు తగలబడుతుంటే ఒకడు ఫిడేలు వాయించుకున్నాడు!"

"మా రూమ్‌లో సైఫ్ గాడే! కూర మాడ్చి పాటలు వింటాడు!"

జనం పడీ పడీ నవ్వారు. అప్పుడు చూశాను అట్ట వంక. ఓరి దేవుడా, ప్రతి రోమూ రూమే!

"ఏంది సాహెబ్ ఇది?" అని మైకులోనే అరిచాను.

నన్నే సాహెబ్ లేచి నిలబడ్డాడు. "మా ఉర్దూలో రోమ్‌ని రూమ్ అనే అంటారబ్బా! అయినా నువ్వు ఆ రూమ్ దాటి యాడికి పోయినావ్? ఎనిమిది మందిమీ అందులోనే గదా పడుండేది!"

నా పరువు గంగలో కలిసింది. తల దించుకుని మెట్ల దగ్గరికి పోయి నిలబడ్డాను. పరిమళ వెనకే వచ్చింది.

"పారిస్‌లో నది ఒడ్డున కూడా ఇక్కడి కరక్ చాయే తాగారు మీరు. అప్పుడే తెలిసిపోయింది నాకు" అంది.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు మెచ్చుకున్నారండీ?"

"బాగా రాశారు కాబట్టి."

సిగ్గుతో చచ్చిపోతూ, "రోమ్ ఎప్పటికైనా చూపిస్తానండీ" అన్నాను.

"రోమ్ సంగతి తర్వాత. ముందు ఆ రూమ్ ఖాళీ చెయ్యండి. ఎనిమిది మంది చక్రవర్తుల మధ్య నేనెక్కడుండను?"