పాట వెనక అమ్మ

అమ్మ గొంతు అన్నయ్య ఇంట్లో, టీవీ కింద, చెప్పుల పెట్టెంత నల్ల డబ్బాలో ఉండేది. ఇంట్లోవాళ్ళ ఫొటోలూ పాటలూ అన్నీ అందులోనే దాచుకుని, టీవీలోనో ఫోన్లలోనో పెట్టుకునేవాళ్ళు. డబ్బా అన్నయ్యది. అందులో అమ్మ మాత్రం ఇద్దరిదీ అనుకునేది చెల్లెలు.

చెల్లెలు దర్జీ. అమ్మా దర్జీయే. చూపు మందగించాక అమ్మ ఫోను ఎదురుగా పెట్టుకుని, మిషను తొక్కుతూ తోచిందల్లా చెప్పుకుంటూ పోయింది. కాలరు ఎలా తిప్పాలో, నాన్న ఎందుకు అలిగేవాడో, ఎవరిని ఎక్కడ కడిగేసిందో. రేడియో మోగకపోతే ఆవిడకి చెయ్యి ఆడదు. అందుకని ఆవిడ ప్రతి మాట వెనకా ఏదో ఒక సినిమా పాట ఉంది. అమ్మ పోయాక అవన్నీ డబ్బాలోకి ఎక్కించి, ఆ పాత ఫోను పారేశాడు అన్నయ్య.

అక్కడ వచ్చింది చిక్కు. పాటలు దొంగతనంగా చేతులు మారకుండా డబ్బా చేసినవాళ్ళు అందులో కాపలా పెట్టారు. అమ్మ వెనక పాట వినపడగానే ఇదెవరిదో సొత్తని తేల్చేసింది డబ్బా. ఆ ఇంట్లో వినొచ్చు. పెన్‌డ్రైవులోకి ఎక్కదు, ఇంకొకరి ఫోనుకి వెళ్ళదు.

"నేనేం చెయ్యనే? అది ఒప్పుకోవడం లేదు," అన్నాడు అన్నయ్య. "వినాలనిపిస్తే వచ్చి విను. వద్దన్నానా?"

చెల్లెలు ప్రతి ఆదివారం వచ్చేది. ఊరికే కూర్చోవడం ఎందుకని వదిన మొదట చిరిగిన దిండు గలీబు ఇచ్చింది. తర్వాత అన్నయ్య ప్యాంట్లు. తర్వాత కిటికీలన్నిటికీ కర్టెన్లు. టీవీ ముందు ఫోను పెట్టి రికార్డు చేసుకుందామంటే వంటింట్లో మిక్సీ మొదలయ్యేది.

"ఇల్లన్నాక చప్పుళ్ళు ఉండవూ? నీకోసం మూగనోము పట్టమంటావా?" అనేది వదిన.

ఒక ఆదివారం టీవీ పెట్టగానే తెర మీద ప్రశ్న వచ్చింది. 'ఈ రికార్డింగులు మీరు సొంతంగా చేసుకున్నవేనా? అవునంటే కాపీకి అనుమతి. కాదంటే శాశ్వతంగా తొలగిస్తాం.' కింద మూడు మాటలు: అవును, కాదు, తర్వాత. అన్నయ్య అలవాటుగా 'తర్వాత' మీదికి పోయాడు.

"ఆగు. ఇది ఇంతకుముందూ వచ్చిందా?"

"నెలనెలా వచ్చి విసిగిస్తుంది."

చెల్లెలి చేతిలో సూది ఆగిపోయింది. "అవునని ఒక్కసారి నొక్కితే అయిపోయేదా, అయితే?"

"అబద్ధం ఎలా ఆడనూ? పాట మనది కాదుగా."

"పాట ఎవడిక్కావాలి? మాట అమ్మది."

"నొక్కితే నువ్విక ఈ గడప తొక్కుతావా ఏం?" అంది వదిన నవ్వుతూనే. "అత్తయ్య కోసం వస్తున్నావు గానీ మా మొహాలు చూడ్డానికా?"

చెల్లెలు కర్టెను ఒళ్ళోంచి కిందికి తోసింది. "నొక్కు అన్నయ్యా. లేకపోతే ఇవన్నీ ఇలాగే వదిలేసి పోతాను. అమ్మని ఎరవేసి నా చేత చాకిరీ చేయించుకున్నారని చుట్టాలందరికీ చెప్తాను."

"నన్నే బెదిరిస్తున్నావా?"

అన్నయ్య మొహం కందిపోయింది. రిమోటు అందుకుని, తనకి మాత్రమే తెలిసిన నంబరు కొట్టి, 'కాదు' నొక్కాడు.

తెర మీద అమ్మ రికార్డింగుల వరసలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఖాళీ తెర మిగిలింది. వదిన నవ్వు సగంలోనే చచ్చిపోయింది.

"అయిపోయింది," అన్నాడు అన్నయ్య. "ఇక నువ్వు రావలసిన పని లేదు."

చెల్లెలు సూదిని గుడ్డకి గుచ్చి, కత్తెర సంచిలో వేసుకుంది.

"చివరిది నీకు చెప్పింది అన్నయ్యా. 'ఒరేయ్ పెద్దోడా' అని మొదలుపెట్టి, అంతా నీతోనే. నువ్వెప్పుడూ పక్కన కూర్చుని వినలేదుగా."

"నాకా? ఏమంది?"

ఆమె చెప్పులు తొడుక్కుంది.

"ఏమందే?" మెట్ల దాకా వచ్చాడు అన్నయ్య.

"చాలాసేపు మాట్లాడింది," అంది. "మధ్యలో ఏడ్చింది కూడా."

అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. అన్నయ్య ఉత్త కాళ్ళతో వీధి మలుపు దాకా వెంటపడి బతిమాలాడు. ఆమె నడక తగ్గించింది గానీ నోరు విప్పలేదు.