నోరు కుట్టని చేప

నూకాలు చేప పొట్టలోకి దూది కూరుతోంది. ముందు తోకలోకి, తర్వాత వీపులోకి, ఆఖరున కడుపులోకి. పాత అట్లకాడ కొనతో నెట్టి, గడ్డలు కట్టకుండా వేళ్ళతో సర్దింది. పూస కన్ను ముందే కుట్టేసింది. ఇక మిగిలింది నోరు. దాన్ని అలాగే వదిలేసి ఇంకో చేప అందుకుంది.

గుమ్మం ముందు చాప మీద అలాంటి గుడ్డ చేపలు ఓ కుప్ప ఉన్నాయి. టైలర్ల దగ్గర మిగిలిన ముక్కల్ని చేప ఆకారంలో కత్తిరించి, తిరగేసి కుడుతుంది. నోటి దగ్గర వదిలిన సందులోంచే గుడ్డను మంచివైపుకు లాగి దూది నింపుతుంది. గుమ్మాలకీ ఉయ్యాలలకీ కట్టుకుంటారు. మెడ నొప్పితో చేపల గంప మొయ్యలేకపోయినప్పటి నుంచీ ఆమెకు ఇదే పని.

ఇవాళ ఒక్క నోరూ కుట్టలేదు. ఎల్లాజీ బోటు ఇంకా రాలేదు.

తెల్లారేసరికి రావాల్సిన బోటు. ఎండ గుమ్మం దాకా వచ్చేసింది. మొగుడికి ఫోన్ చేస్తే అందుబాటులో లేదంటోంది. రాత్రి అతనితోపాటే ఇంకో బోటులో వేటకెళ్ళిన గవర్రాజు ఒడ్డుకొచ్చి, ఎల్లాజీ ఇంజను ఆగి ఆగి నడవడం చూశానని చెప్పాడు. ఆమె ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు.

లోపల మంచం మీద అత్త గంగాలమ్మ దూది ఏకుతోంది. చూపు మసకబారింది. వానలు మొదలైనప్పటి నుంచీ మంచం దిగలేదు. చేతులు మాత్రం ఊరుకోవు. ఒకప్పుడు జాలరిపేటలో ఆమె అల్లిన వలకు పేరుండేది. మగవాడు వేటలో ఉండగా వలకు చివరి ముడి వెయ్యకూడదని ఆమె పట్టింపు. వయసులో ఉన్నప్పుడు ఓసారి తొందరపడి వేసింది. ఆ వేటకు వెళ్ళిన మొగుడు తిరిగి రాలేదు. ఇప్పుడు ఇంట్లో వలల్లేవు, గుడ్డ చేపలున్నాయి. పట్టింపు వాటి మీదికి మళ్ళింది. కొడుకు ఒడ్డెక్కాకే నోరు కుట్టాలి. నూకాలు ఆ మాట నమ్మనూ లేదు, ఎదురు చెప్పనూ లేదు.

మధ్యాహ్నం మధురవాడ నుంచి, ఉయ్యాలకు చేపలు కుట్టమన్న అనూరాధ ఆటోలో వచ్చింది. సాయంత్రం కూతుర్ని ఉయ్యాలలో వేస్తున్నారు. చేపల్ని చూసి నవ్వింది.

"ఇవేంటమ్మా, అన్నీ ఆకలి మీదున్నట్టున్నాయి?"

"బోటు వచ్చేక కుట్టీసి ఇత్తానమ్మా."

బోటుకూ చేపలకూ సంబంధమేమిటో అనూరాధకు అర్థం కాలేదు. దూది పాప నోట్లోకి పోతుందని, చుట్టాలు వచ్చేస్తున్నారని చెప్పి, గుమ్మం పక్కన కూర్చుంది. ఆటో బయట ఆగే ఉంది.

నూకాలు సూదిలో దారం ఎక్కించింది. ఒక్కో చేపా నోరు మూసుకుంది.

దారం తెంపిన చప్పుడు లోపలికి వినిపించింది.

"నోర్లు మూసెత్తన్నావేటే?"

"ఆవిడ కూకుని ఉంది అత్తా."

"నీ మొగుడు ఒడ్డెక్కేడేటి?"

నూకాలు సూదిని గుడ్డలో గుచ్చింది. మంచం మీంచి మళ్ళీ మాట వచ్చింది.

"ఒక సేప ఇలాగియ్యి. సేత్తో సూత్తాను."

ఎల్లాజీ పాత లుంగీ ముక్కతో చేసిన నీలం చేపను తీసుకెళ్ళి ఇచ్చింది. ముసలావిడ దాని నోరు తడిమింది. తిరిగి ఇవ్వలేదు. నూకాలు అడగలేదు. మిగతావి దండగుచ్చి అనూరాధకు ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఒడ్డుకు నడిచింది.

ఇసుకలో కూర్చుంది. రేవులోకి వెళ్ళే ఓడలు దూరంగా లంగరేసుకుని ఉన్నాయి. వాటి మధ్య చిన్నది ఏది కదిలినా చూసింది. ఏ దేవుడికీ మొక్కలేదు. మూసిన నోళ్ళే కళ్ళముందు ఆడాయి.

పొద్దు వాలాక ఓ బోటు దగ్గరకొచ్చింది. ముక్కు మీద ఎర్రరంగు. ఎల్లాజీ నీళ్ళలోకి దూకి, తాడు లాగుతూ ఒడ్డెక్కాడు. ఒళ్ళంతా డీజిల్ మరకలు.

"ఏటే అలా సూత్తన్నావ్? నాను దెయ్యాన్నేటి?"

"అంతసేపేటి మావా?"

"డీజిల్లో నీళ్ళు కలిసేయి. ఇప్పడం, బిగించడం, మళ్ళీ ఇప్పడం. ఆశ ఒదిలీసేం. మజ్జానం దాటేక ఏటయ్యిందో, ఉన్నట్టుండి ఇంజను అందుకుంది."

నూకాలు తలూపింది. ఈ కబురు ముందు అత్తకు చెప్పాలని గబగబా నడిచింది. తలుపు తోసి, లైటు వేసింది.

"అత్తా, వచ్చీసేడు."

గంగాలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏకిన దూది తెల్లగా ఒళ్ళంతా పరుచుకుంది. నూకాలు భుజం పట్టుకుంది. చల్లగా తగిలింది. మసక కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. కుడిచేతి గోటి సందున తెగిన దారం ఇరుక్కుని ఉంది.

వెనకాలే వచ్చిన ఎల్లాజీ, అమ్మా, అని ఒక్కసారి పిలిచాడు. తర్వాత గుమ్మంలో కూలబడ్డాడు. పేట జనం వచ్చారు. ఆడవాళ్ళు ఏడుపు ఎత్తుకున్నారు. నూకాలుకు ఏడుపు రాలేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి. చాప మీది సూది తీసి దారం ఎక్కించింది. బోటు వచ్చేసింది, ఇక కుట్టొచ్చు. కానీ సూదిని తిరిగి గుడ్డలో గుచ్చేసింది.

మంచం మీద, గంగాలమ్మ తల పక్కన, నీలం లుంగీ చేప. నోటి కుట్లు ఒక్కొక్కటే ఊడదీసి ఉన్నాయి. విచ్చుకున్న నోట్లోంచి దూది కొద్దిగా బయటికొచ్చి, ఫ్యాను గాలికి కదులుతోంది.