మూడో గది గంట

మా ఆయన త్రినాధరావుగారికి చప్పుడంటే గిట్టదు. కుక్కర్ మూడో విజిల్ కూడా తన మీద కక్షతోనే వేస్తుందని ఆయన నమ్మకం. అలాంటి మనిషికి అనకాపల్లి బెల్లం కోల్డ్ స్టోరేజీలో మేనేజరుగిరీ, ఆ పైన అరిచే కంప్యూటరూ.

అయిదు గదుల చల్లదనం, తలుపులు, లోపల ఎవరైనా చిక్కుకుంటే లాగే గంటతాడు, అన్నీ అదే కనిపెట్టేది. బస్తాలు మోసే కళాసీలు ఆ తాళ్లకి తువ్వాళ్లు తగిలించేవారు. ఆ బరువుకే రోజుకి పదిసార్లు కంప్యూటర్ గగ్గోలు. ఒకరోజు అన్నం తింటూ ఆయన గర్వంగా చెప్పారు.

"గంటలన్నీ కంప్యూటర్ లిస్టులోంచి తీసేసేను. ప్రాణం హాయిగా ఉంది."

"నిజంగా ఎవరైనా లాగితేనో?"

"తలుపేసేముందు చూసుకుంటారే! పప్పు వెయ్యి."

నాలుగో రోజు, మండే ఏప్రిల్ మధ్యాహ్నం, నేను క్యారియర్ తీసుకెళ్లాను. గేటు దగ్గర కళాసీ పోతురాజు భార్య తలుపులమ్మ అన్నం గిన్నెతో నిలబడి ఉంది.

"అమ్మగోరూ, మావోడు అవుపడ్డం నేదు. గంట నుంచి సూత్తన్నాను."

"టీకెళ్లుంటాడు," అన్నారు మా ఆయన లోపల్నుంచి.

నేను వసారా వెంట నడిచాను. మూడో గది ముందు ఒక జత చెప్పులు. దేవుడికి పెట్టే బెల్లమని కళాసీలు చెప్పులతో లోపలికి వెళ్లరు. తలుపుకి తాళం. ఈ ఎండలో వట్టికాళ్లతో టీకెవరు వెళ్తారు?

పరుగున వెనక్కొచ్చాను. "ఏవండీ, మూడో గది తాళం ఇవ్వండి! పోతురాజు లోపలున్నాడు."

"కంగారెందుకే? చూడు, తెర మీద అంతా పచ్చగానే ఉంది."

వాదించే తీరిక లేదు. డిగ్రీలో నేర్చిన కంప్యూటర్ ముక్క ఇన్నాళ్లకి పనికొచ్చింది. మౌసు లాక్కుని, ఆయన గంటలు తీసేసిన లిస్టు తెరిచి, మూడో గది గంటకి టిక్కు పెట్టాను.

తెర ఎర్రబడింది. కంప్యూటర్ కేకలు పెట్టింది.

ఆయన తాళాలగుత్తి పట్టుకుని పరిగెత్తారు. ఆయన పరుగు చూడటం పెళ్లయ్యాక నాకదే మొదటిసారి.

పోతురాజు తలుపు పక్కనే, గోనెసంచి కప్పుకుని, తాడు మణికట్టుకి చుట్టుకుని కూలబడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. అందరం కలిసి ఎండలోకి లాక్కొచ్చాం. తలుపులమ్మ ఏడుస్తూ, తిడుతూ అరికాళ్లు రుద్దింది. కాసేపటికి అతను కళ్లు తెరిచాడు.

"లాగుతానే ఉన్నాను బాబుగోరూ... మీకినపడ్నేదేటి?"

కళాసీలంతా చుట్టూ ఉన్నారు. మా ఆయన అతని పక్కన నేలమీద కూర్చున్నారు.

"వినపడకుండా చేసింది నేనే పోతురాజూ. తప్పు నాది."