ఎడమ పెట్టె

సరిగ్గా పదిహేడో నిమిషంలో రిసీవర్ ఆగిపోయింది.

తెర మీద వంతెన కూలుతోంది. గది అదిరిపోవాల్సిన చోట టప్‌మని చిన్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. కొత్త రిసీవర్ ముఖం మీద ఎర్రదీపం కొట్టుకుంటోంది.

"చూశావుగా. నిన్న రెండుసార్లు, ఇవాళ ఇదొకటి," అన్నాడు బావ సోఫాలో వెనక్కి వాలి. "ఆ వంతెన కూలడం చూడకుండానే నేను పోయేట్టున్నాను."

"మీరేం పోరు. పోయేది నాన్న పెట్టెలు," అంది అక్క.

టీవీకి అటూ ఇటూ నిలబడ్డ నడుమెత్తు స్పీకర్ పెట్టెలు రెండూ మా నాన్న చేసినవి. వాటిని ఇన్నేళ్లూ నడిపిన పాత ఆంప్లిఫయర్ పోయిన నెల కాలిపోయింది. బావ దాని స్థానంలో హోమ్ థియేటర్ రిసీవర్ కొన్నాడు. దానికి ఈ పెట్టెలతో పడటం లేదు. రిసీవర్ అమ్మిన కొట్టతను, తప్పు పాత పెట్టెలదేనని ఫోన్లోనే తేల్చేశాడు. పాతవి ఇచ్చేస్తే మార్పిడి కింద కొత్తవి బిగిస్తాడట. ఐదింటికి వస్తాడు.

అక్క నాకు కబురు పెట్టింది. నేను సినిమా హాల్లో సౌండు మెకానిక్‌ని. అప్పుడు టైము మూడూ పది.

రిసీవర్ మూత మీద అరచెయ్యి పెట్టాను. ఇరవై లెక్కపెట్టేసరికి వేడికి తీసెయ్యాల్సి వచ్చింది.

"అచ్చం నాన్నలాగే," అంది అక్క.

నాన్నను ఊళ్లో అందరూ పెట్టెల మేస్త్రీ అనేవాళ్లు. కింద కొట్టు, పైన చెక్కల నేల వేసిన మా ఇల్లు. టంకం పొగ, వార్నిష్, రంపపు పొట్టు కలిసిన వాసన మెట్లెక్కి మా పక్కబట్టల దాకా వచ్చేది. ఎవరైనా ఆంప్లిఫయర్ పట్టుకొస్తే నాన్న ముందు దానికి స్పీకర్లు తగిలించి, పాట పెట్టి, మూత మీద చెయ్యి వేసేవాడు. ఒక పాట పూర్తయ్యేదాకా చెయ్యి ఆగిందా, ఆ స్పీకర్లకీ దానికీ జోడీ కుదిరినట్టే. ఆగకపోతే ఎంత పెద్దమనిషినైనా వెనక్కి పంపేవాడు. "బాబూ, ఇది కాపురం చెయ్యదు," అనేవాడు. అమ్మ పైనుంచి వినేసి, "మన సంబంధం కుదిర్చినవాళ్లు ఇలా చెయ్యి పెట్టి చూశారా?" అని అడిగేది.

రిసీవర్ వెనక ఆరు నుంచి పదహారు ఓమ్స్ అని ఉంది. నాన్న పెట్టెల వెనక, రెండింటికీ, ఆయన చేతిరాతతో ఎనిమిది.

"ఓమ్స్ అంటే?" అడిగాడు బావ.

"కరెంటుకి స్పీకర్ ఎంత అడ్డం పడుతుందో ఆ లెక్క బావా. అడ్డం తగ్గిందంటే స్పీకర్ ఎక్కువ లాగేస్తుంది. రిసీవర్ మొయ్యలేక చేతులెత్తేస్తుంది."

"ఎనిమిదేగా ఉంది. మరి దీనికేం రోగం?"

నాకూ అదే అర్థం కాలేదు. ఎడమ పెట్టె వైరు పీకేసి కుడిదొక్కటే నడిపాను. వంతెన కూలింది. రిసీవర్ చలించలేదు. కుడిది పీకి ఎడమది తగిలించాను. టప్. వైర్లు అటుదిటు మార్చాను. మళ్లీ ఎడమ పెట్టే.

మీటర్ తీశాను. కుడి పెట్టె ఆరున్నర చూపించింది. ఎనిమిది ఓమ్స్ స్పీకర్ మీటరు మీద అంతే చూపిస్తుంది. ఎడమ పెట్టె మూడు పైచిలుకు.

సగానికి సగం.

"ఒకే పెట్టెలో రెండు స్పీకర్లు జంటగా కలిపితేనే ఇలా వస్తుంది," అన్నాను.

"ముందువైపు ఒకటేగా ఉంది," అంది అక్క.

టైము నాలుగున్నర. బావా నేనూ కలిసి పెట్టెను పడుకోబెట్టాం. పొట్టి కాళ్ల మధ్య అడుగున నల్లగుడ్డ బిగించి ఉంది. మేకులు ఊడదీసి గుడ్డ లాగాను.

నేలవైపు ముఖం పెట్టి, ఎవరికీ కనబడకుండా, రెండో స్పీకర్.

మరలు విప్పి దాన్ని బయటికి తీసి, లోపలికి లైటు వేశాను. నాన్నకో అలవాటు ఉండేది. ప్రతి పెట్టె లోపలి చెక్క మీద పెన్సిల్‌తో అది ఎవరికోసమో, ఏ ఆంప్లిఫయర్‌తో జోడీయో రాసేవాడు. అక్కడా ఉంది. పైకే చదివాను.

"పెద్దదాని కోసం. నేల అదరాలి. పాత ఆంప్లిఫయర్ మోస్తుంది. వేరేదానికి కలపవద్దు."

"కలపవద్దని లోపల రాసి బయట బిగించేశాడా?" బావ నెత్తి కొట్టుకున్నాడు. "మీ నాన్న ఘటికుడోయ్."

నేను అక్కవైపు చూశాను. తొమ్మిదో ఏట జ్వరం వచ్చి తనకి కుడిచెవి బాగా మందగించింది. ఎడమ చెవి సగం. ఆ తర్వాత పాట పెడితే చాలు, ఎడమ పెట్టె పక్కన చెక్కనేల మీద బోర్లా పడుకుని హోంవర్క్ రాసుకునేది. అమ్మ తిట్టేది. నాన్న మాత్రం, పడుకోనియ్యి, అనేవాడు.

"కడుపులో పాట వినబడేది," అంది అక్క నెమ్మదిగా. "ఆ చెక్కలే పల్చనివి అనుకున్నాను. పెళ్లయ్యాక ఇక్కడి గచ్చు మీద అంత లేదు. నాకు వయసొచ్చింది కాబోలనుకున్నాను."



"అక్కా, పెట్టెలు ఎక్కడికీ పోనక్కర్లేదు," అన్నాను. "ఈ రెండోదాని వైరు కత్తిరిస్తే చాలు, రెండు నిమిషాల పని. వెనక రాసిన ఎనిమిది నిజమైపోతుంది. రిసీవర్ హాయిగా నడుస్తుంది."

కటింగ్ ప్లయర్ నా చేతిలోనే ఉంది. అక్క దానివైపు చూసింది. పెట్టెలోని పెన్సిల్ రాతవైపు చూసింది. అడగలేక బావవైపు చూసింది.

బావ లేచి వచ్చి నా చేతిలోంచి ప్లయర్ తీసుకున్నాడు. టీపాయ్ మీద పెట్టేశాడు.

"ముందు దాన్ని ఎలా ఉందో అలా బిగించు," అన్నాడు.

బిగిస్తుండగా గంట మోగింది. కొట్టతను సరంజామాతో లోపలికి వచ్చి చేతులు రుద్దుకున్నాడు.

"ఇవేనా సార్ పాతవి? ఎత్తేద్దామా?"

"అవి కాదు," బావ రిసీవర్ చూపించాడు. "దీన్ని తీసుకెళ్లు."

"కొని వారం కాలేదు కద సార్."

"అయితే ఇంకా మంచిది, దాని అట్టపెట్టె కూడా చిరగలేదు. నాలుగు ఓమ్స్ మోసేది కావాలి. ఏమోయ్, నువ్వు చెప్పు."

నేను చెప్పాను. నాలుగు ఓమ్స్‌కి ఎన్ని వాట్లో కాగితం మీద రాసిచ్చి, అది కంపెనీ పుస్తకంలో చూపించందే ఇంటికి తేవద్దన్నాను. కొట్టతను తల గోక్కున్నాడు.

"స్పీకర్లు మార్చుకుంటారు గానీ సార్, పాత స్పీకర్ల కోసం కొత్త రిసీవర్ మార్చేవాళ్లని చూళ్లేదు."

"పెట్టెలు మా ఆవిడవి," అన్నాడు బావ. "రేపు పొద్దున్నే తెస్తావా, నన్ను రమ్మంటావా?"

అక్క వంటింట్లోకి వెళ్లింది. నలుగురికి కప్పులు తీస్తున్న చప్పుడు వినబడింది.